బొమ్మలో లేని కుక్క

బుల్లిని మనం ఎక్కడ వదిలామో గుర్తుంది కదా? డ్రైవింగ్ స్కూల్ ఆఫీసు గదిలో, ఒళ్లో లాప్‌టాప్, పక్కన చల్లారిన టీ. మనకి వారం గడిచింది గానీ ఆమెకి గడిచింది ఒక్క రాత్రే. ఆ రాత్రి కూడా కంటిమీదికి సరిగ్గా కునుకు రాలేదు.

కొత్తగా చేరినవారి కోసం రెండు ముక్కలు. చదువయిన దగ్గర్నుంచీ బుల్లి ఒకే వారపత్రికలో పేజీలు కట్టింది. ఏ బొమ్మ ఎక్కడ పడాలి, ఏ శీర్షిక ఎంత లావుండాలి, కథ చివర మిగిలిన జానెడు ఖాళీలో ఏం కూర్చాలి, ఇదీ ఆమె పని. పత్రిక మూతపడ్డాక అన్నావదినల ఇంటికి వచ్చి చేరింది. అన్న దూరపు బస్సులు నడుపుతాడు. ఇంట్లో కంటే స్టీరింగు వెనకాలే ఎక్కువ బతికాడు. వదినది ఇంటి ముందుగదిలోనే డ్రైవింగ్ స్కూలు. ఒకటే కారు, ఒకరే టీచరు. నేర్చుకునేవాళ్లు ఆమెని ‘బ్రేకు మేడమ్’ అంటారు. పాఠం మొదలైంది మొదలు ఆమె నోట్లోంచి ఎక్కువగా ఊడిపడే మాట అదే మరి.

ఈమధ్య కూడలికి అవతల అద్దాల గోడలతో ఇంకో స్కూలు తెరిచారు. ఫోన్లో వేలితో నొక్కితే చాలు, కారు ఇంటి గుమ్మం ముందుకే వస్తుంది. బ్రేకు మేడమ్ దగ్గరికి వచ్చేవాళ్లు పలచబడ్డారు. అప్పుడు వదినకి ఒక ఆలోచన తట్టింది. తన దగ్గర నేర్చుకుని వెళ్లిన వాళ్లందరికీ నెలనెలా ఈమెయిల్లో ఒక న్యూస్‌లెటర్ పంపాలి. పాతవాళ్లకి తను గుర్తుకొస్తుంది, చెల్లెళ్లనీ కోడళ్లనీ పంపిస్తారు. “పేజీలు కట్టినదానివి, నీకిది చిటికెలో పని” అంటూ బుల్లి నెత్తిన పెట్టింది. ఒక్కటే షరతు. టెంప్లేటు ఉచితంగా దొరికేదై ఉండాలి.

ఆ చిటికె ఇవాళ్టిదాకా పడలేదు.

ఉచిత టెంప్లేట్లంటే ఏమిటో బుల్లికి ఈ పని మీద పడ్డాకే అర్థమైంది. వెబ్‌సైటు తెరవగానే వరసలు వరసలుగా అందమైన పేజీలు కనిపిస్తాయి. ఇది బాగుందే అని నొక్కబోతే మూలన చిన్న తాళం గుర్తు. తాళం ఉందంటే డబ్బు కట్టాలి. తాళం లేనివి ఏరుకుంటూ పోతే మిగిలేవి ఎవరికీ అక్కర్లేనివి. ఒకదాంట్లో పేజీ నిండా ఒక బూటు, కింద ‘ఇప్పుడే కొనండి’ అని ఎర్ర బటను. ఇంకోదాంట్లో బండమీద కళ్లు మూసుకుని కూర్చున్న ఒకావిడ. మరోదాంట్లో కేకులు. ఒకటి మాత్రం పనికొచ్చేలా ఉందనుకుంటే దాని శీర్షికలో మన తెలుగు అక్షరాలు పెట్టగానే అన్నీ ఖాళీ డబ్బాలైపోయాయి. ‘బ్రేకు మేడమ్ కబుర్లు’ అని కొడితే డబ్బాలు వరసగా నిలబడ్డాయి, గూడ్సు బండిలాగ.

అయినా సరే, బుల్లి ఓపిగ్గా నాలుగైదు ఏరి పెట్టింది. ఏది చూపించినా వదినకి నచ్చలేదు. ఒకటి “మరీ ముదురు రంగు” అంది. ఒకటి “ఇరుగ్గా ఉంది” అంది. ఇంకొకటి “ఏమో బుల్లీ, కళ లేదు” అంది. పత్రికలో ఎడిటరు కూడా ఇంతలా సతాయించలేదు. ఆయనకి కనీసం ఏం కావాలో తెలిసేది.

“వదినా, ఒక్కసారి వచ్చి నిమ్మళంగా కూర్చో. ఇవాళ ఏదో ఒకటి తేల్చేద్దాం. నావల్ల కావట్లేదు” అంది బుల్లి.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. సాయంత్రం పాఠానికి ఇంకా టైముంది. వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి, కుర్చీ వీపుని ఒకసారి తడిమి, కూర్చుంది.

“చూపించు తల్లీ. పొద్దస్తమానం ఇదే పనై కూర్చుంది నీకు.”

“ఇదిగో, మొదటిది.” బుల్లి లాప్‌టాప్‌ని ఆమె వైపు తిప్పింది. తెల్లటి పేజీ. పైన సన్నగా ఒక నీలం గీత, అంతే.

వదిన ముందుకి వంగింది. తల కాస్త పక్కకి వంచింది, ఎవరి మాటో చెవి ఒగ్గి వింటున్నట్టు. “ముదురుగా ఉంది కదూ?”

“ఇదా? ఇంతకంటే తెలుపు సున్నం కొట్టినా రాదు వదినా!”

“అబ్బ, గీత సంగతి అంటున్నా.”

బుల్లి నిట్టూర్చి ఇంకోటి తీసింది. అది “ఫరవాలేదు, కానీ పొడుగెక్కువ.” ఇంకోటి. అది “పిల్లల పుస్తకంలా ఉంది.” ఇంకోటి. బుల్లికి నడుం నొప్పెట్టింది. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా వచ్చి బల్ల మీద పడుతోంది. బయట ఎవరో గోడకి మేకులు కొడుతున్నారు. ప్రతి దెబ్బా తన తలలోనే పడుతున్నట్టుంది. ఇరవైల్లో ఉన్నప్పుడు పేజీ కుదరకపోతే తెల్లార్లూ కూర్చునేది, అలసటంటే తెలిసేది కాదు. ఇప్పుడు ఏదీ చేయకముందే అలసట వచ్చి కూర్చుంటోంది. ఎవడో ఎక్కడో కట్టి పారేసిన పేజీలో రెండు ముక్కలు మార్చడానికి ఇంత తంటా పడాల్సి రావడం ఇంకో అలసట.

“ఇది చూడు. ఇక ఇదే ఆఖరుది” అని లాప్‌టాప్‌ని తిప్పి, తను వెనక్కి వాలి కళ్లు మూసుకుంది.

వదిన చాలాసేపు చూసింది.

“ఇదిగో! ఇదీ. ఇది బావుంది బుల్లీ. నిండుగా, హుందాగా ఉంది. ఇదే ఖాయం చెయ్.”

బుల్లికి ప్రాణం లేచొచ్చింది. “హమ్మయ్య” అంటూ కళ్లు తెరిచి తెర వైపు చూసింది.

తెర మీద ఏమీ లేదు. ఇంతసేపు మాటల్లో పడి ముట్టుకోకపోయేసరికి లాప్‌టాప్ దానంతటదే ఆరిపోయింది. నల్లటి అద్దంలో కిటికీ ఒక తెల్లటి మరకలా మెరుస్తోంది. వదిన చూసింది ఆ మరకని.

ముందు నవ్వొచ్చింది బుల్లికి. వదిన ఆటపట్టిస్తోంది అనుకుంది. మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఆట లేదు. మొత్తానికి ఒక పని తెమిలిందన్న తేలికే ఉంది.



బుల్లి ఒక మీట నొక్కింది. తెర వెలిగింది. చేతికందిన టెంప్లేటు ఏదో తెరిచింది. అదే, ఆ పేజీ నిండా బూటున్నది. 

“వదినా, ఇంకోటి కూడా చూడు. ఇందులో పైన కుక్కపిల్ల బొమ్మ ఉంది. ఉంచుదామా, తీసేద్దామా?”

వదిన తల పక్కకి వంచి చూసింది. చిన్నగా నవ్వింది.

“ఉంచు. ముద్దుగా ఉంది. పాతవాళ్లు చూసి నవ్వుకుంటారు.”

మేకులు కొట్టే చప్పుడు ఆగిపోయింది. బుల్లి నోట మాట రాలేదు. ఆ నిశ్శబ్దమే వదినకి చెప్పేసింది. నవ్వు పెదాల మీద అలాగే ఉంది గానీ కళ్లలోంచి దిగిపోయింది.

“కుక్క లేదు కదూ?” అంది మెల్లగా.

“లేదు.”

“మరేముంది?”

“బూటు.”

“బూటు” అని తనలో తను అనుకున్నట్టు అంది వదిన. “ఛీ. బూటుని పట్టుకుని ముద్దుగా ఉందన్నానా.”

బుల్లికి సిగ్గేసింది. చిన్నపిల్లని పట్టుకోవడానికి పెద్దవాళ్లు వేసే ఎత్తులాంటిది వేసింది తను, తల్లిలాంటి మనిషి మీద. సిగ్గుతో పాటే కోపం కూడా పొంగింది. ఏది ముందు బయటికొస్తుందో తెలియక లాప్‌టాప్ మూత దభాలున వేసింది.

“ఎప్పట్నుంచి?”

“ఏది ఎప్పట్నుంచి?”

“వదినా! నా దగ్గర కూడా దాస్తావా?”

వదిన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. స్టీరింగు తిప్పీ తిప్పీ కాయలు కాసిన చేతులు. బొటనవేళ్లని ఒకదాని చుట్టూ ఒకటి తిప్పుతూ కూర్చుంది. ఎక్కువ బండ్లున్న రోడ్డు దాటడానికి సందు కోసం చూస్తున్న మనిషిలా ఉంది.

“పోయిన చలికాలంలో మొదలైంది. ముందు కుడికన్ను. అక్షరాల మధ్యలో ఏదో చెమ్మ తగిలినట్టు. కళ్లజోడు మారిస్తే పోతుందనుకున్నా. డాక్టరు దీపం పెట్టి చూసి, కంటి వెనకాల మచ్చ అన్నాడు. పెరుగుతుంది గానీ తగ్గదన్నాడు. తర్వాత రెండోది కూడా అదే దారి పట్టింది.”

“అంటే ఇప్పుడు అసలు...”

“చీకటేం కాదు. చుట్టూ కనిపిస్తుంది. మధ్యలోనే ఉండదు. నీ వైపు చూస్తే నీ చెవులు కనిపిస్తాయి, జుట్టు కనిపిస్తుంది. మొహం ఉండాల్సిన చోట పొగ.” వదిన నవ్వడానికి ప్రయత్నించింది. “నువ్వు వచ్చిన రోజు గుమ్మంలో నిలబడితే చిక్కిపోయావన్నాను గుర్తుందా? చిక్కావో బలిసావో నాకేం తెలుసు! ఉద్యోగం పోయినవాళ్లు చిక్కుతారని అన్నా.”

బుల్లికి ఒక్కొక్కటే వెనక్కి వచ్చి మీద పడసాగాయి. టీ పోసేటప్పుడు వదిన కప్పు అంచు లోపల వేలు పెట్టుకోవడం. ఫోన్లో ఏం వచ్చినా “చేతులు తడిగా ఉన్నాయి, నువ్వు చదువు” అనడం. కుర్చీని తడిమి కూర్చోవడం. రంగు బాలేదు, కళ లేదు అంటూ ఇన్నాళ్లూ చూపించిన ప్రతి టెంప్లేటునీ తిప్పికొట్టడం. నచ్చిందంటే తర్వాత దాని గురించి మాట్లాడాలి కాబట్టి ఏదీ నచ్చనివ్వలేదు. పేజీలు కట్టే మనిషి కళ్ల ముందే జరిగింది ఇదంతా. ఎక్కడ ఏం తప్పుందో పట్టుకోవడమే తన పని. కళ్లు బాగున్న తను మాత్రం ఏం చూసింది?

“అన్నకి తెలుసా?”

“చెప్తే ఆ బస్సు నడపగలడా? వెయ్యి మైళ్ల అవతల ఉండి, నా కళ్ల గురించి ఆలోచిస్తూ నడుపుతాడు. అది నాకిష్టం లేదు.”

“ఆయన నడిపేది సరే. నువ్వో? రోజూ కారెక్కుతున్నావు కదా వదినా!”

“నేను పక్కన కూర్చుంటానే! నడిపేది వాళ్లు. నా కాలి కింద బ్రేకుంది.” వదిన గొంతు లేచింది. “ఎదుటిబండి ఎంత దూరంలో ఉందో నాకు చప్పుడే చెప్పేస్తుంది. నేర్చుకునేవాళ్లు భయపడితే ముందు ఊపిరి బిగబడతారు. అది వినపడగానే నా కాలు బ్రేకు మీద ఉంటుంది. ఎన్నేళ్ల నుంచి చేస్తున్నానని! నువ్వు కళ్లు మూసుకుని టైపు కొట్టవా?”

“కొడతాను. నేను తప్పు కొడితే అచ్చుతప్పు పడుతుంది. అంతే.”

ఆ మాట పడగానే వదిన మొహం నీరుగారిపోయింది. బుల్లికి నాలిక కరుచుకోవాలనిపించింది గానీ కరుచుకోలేదు. అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

“ఈ ఊళ్లో సగంమంది ఆడవాళ్లు స్టీరింగు పట్టుకుంది నా పక్కన కూర్చునే” అంది వదిన. “మొగుళ్లు నేర్పుతామని తీసుకెళ్లి, అరిచి, ఏడిపించి దింపేసినవాళ్లు. నా దగ్గరికి వచ్చేసరికి చేతులు వణుకుతూ ఉండేవి. నెల తిరిగేసరికి కిటికీలో మోచెయ్యి పెట్టుకుని నడిపేవాళ్లు. అది చూస్తే... నాకు ఇంకేం వచ్చు చెప్పు? వంట కూడా సరిగ్గా రాదని మీ అమ్మే అనేది.”

“అమ్మ అందర్నీ అలాగే అనేది.”

“నువ్వు పత్రిక పోయాక ఎలా ఉన్నావో నేను చూళ్లేదా? ఆఁ, అదే, చూళ్లేదనుకో. విన్నాగా! గదిలో ఇటూ అటూ నడుస్తూ ఉండేదానివి. అలా నడవడం మొదలుపెడితే నేను ఎక్కడ ఆగుతానో నాకే తెలియదు.”

ఎక్కడ ఆగాలో బుల్లికీ ఎవరూ చెప్పలేదు.   పత్రిక మూతపడే వారం కూడా యజమాని ముఖచిత్రం మీద బెలూన్లు పెట్టమన్నాడు. అడిగినట్టే పెట్టింది. చదివేవాళ్లకి ముక్క కూడా తెలియనివ్వకుండా, అందంగా, కొలతలు సరిగ్గా చూసుకుని పెట్టింది. ఆ బెలూన్లు ఇప్పటికీ ఆమెకి కల్లోకి వస్తాయి.

లేచి గోడకున్న మేకు దగ్గరికి వెళ్లింది. కారు తాళంచెవి తీసి గుప్పిట్లో పెట్టుకుంది. తాళాల చప్పుడు వదినకి తెలియకుండా పోతుందా!

“అక్కడ పెట్టు బుల్లీ.”

“పెట్టను.”

“ఆసుపత్రి నర్సమ్మ వస్తుందిప్పుడు. వచ్చేవారం పరీక్ష ఆ పిల్లకి. రివర్సు ఇంకా కుదర్లేదు. ఆ ఒక్కటీ అయ్యేదాకా ఓపిక పట్టు. తర్వాత నువ్వెలా చెప్తే అలా.”

“ఆ పిల్ల అయ్యాక ఇంకో పిల్ల వస్తుంది. న్యూస్‌లెటరు వెళ్తే ఇంకో పదిమంది వస్తారు. నువ్వు పిలవమంటున్నది అందుకే కదా? నాచేత అందరికీ పిలుపులు పంపిస్తున్నావు, ఆ కారెక్కమని.”  “రంగులెందుకు నచ్చట్లేదా అని ఎన్నాళ్లు కూర్చున్నాను వదినా! నా పనితనం పోయిందేమో అనుకున్నాను. పత్రికతో పాటే పోయింది, ఇక నేను దేనికీ పనికిరాననుకున్నాను.”

వదిన తలెత్తింది. ఆ మాట ఆమెకి ఎక్కడో బలంగా తగిలింది. చెయ్యి చాపింది. బుల్లి ఎక్కడ నిలబడిందో గొంతుని బట్టి లెక్కేసుకుని సరిగ్గా మణికట్టు దగ్గరే పట్టుకుంది. తాళంచెవి కోసం కాదు. ఊరికే పట్టుకుంది.

“అలా అనుకున్నావా?”

“మరేమనుకోను?”

“అయ్యో పిచ్చిదానా.” కాసేపు అలాగే పట్టుకుని ఉంది. తర్వాత వదిలేసింది. భుజాలు దించేసింది. అప్పుడు చూస్తే వదిన ఎంత అలిసిపోయిందో తెలిసింది బుల్లికి. రోజంతా కనిపించనిదాన్ని చూస్తున్నట్టు నటించడం, ప్రతి గుమ్మాన్నీ ప్రతి మెట్టునీ గుర్తుపెట్టుకుని నడవడం, ఎవరూ కనిపెట్టకుండా ఎప్పుడూ ఒక అడుగు ముందే ఉండటం. తన అలసట దాని ముందు ఏపాటిది!

“సరే. తాళంచెవి నీ దగ్గరే ఉంచు” అంది వదిన. “ఆ పెట్టె తెరువు. ఉత్తరం రాద్దాం.”

“ఏ ఉత్తరం?”

“అదే, నీ న్యూస్‌లెటరు. ఎంత కష్టపడ్డావు! ఊరికే పోనిస్తామా? బొమ్మలేవీ లేనిది ఏదైనా ఉందా అందులో?”

బుల్లి మూత తెరిచింది. వరసలన్నీ దాటుకుంటూ కిందికి, ఇంకా కిందికి వెళ్లింది. అట్టడుగున ఒకటుంది. దాన్నెవరూ ముట్టుకున్న జాడ లేదు. బొమ్మ లేదు, బటను లేదు, రంగు గీత కూడా లేదు. పైన పేరు పెట్టుకోవడానికి ఒక చోటు, కింద నాలుగు మాటలు రాసుకోవడానికి ఒక చోటు. తాళం గుర్తు కూడా లేదు. ఇన్నాళ్లూ దీన్ని చూసి కూడా వదిలేసింది తను, ఇదేం టెంప్లేటని. మన అక్షరాలు కొట్టి చూసింది. చక్కగా, ఒత్తులతో సహా, విరగకుండా నిలబడ్డాయి.

“ఉంది. తెల్ల కాయితంలాంటిది.”

“నేను చెప్తా, నువ్వు కొట్టు. సొంత తెలివి చూపించకు, నేను చెప్పింది చెప్పినట్టు.”

గొంతు సవరించుకుంది. పాఠం మొదలుపెట్టేటప్పుడు వచ్చే గొంతు వచ్చింది, నిటారుగా.

“‘అమ్మాయిలూ, నేను మీ బ్రేకు మేడమ్‌ని. నాకు చూపు తగ్గింది. ఇక నేను కారు నేర్పను.’ కొట్టావా? ‘మీలో ఎవరికైనా నేర్పే ఓపిక ఉంటే వచ్చి నాతో మాట్లాడండి. నా కారు ఇస్తాను, నాకు తెలిసిందంతా చెప్తాను. అద్దం చూసుకోకుండా మలుపు తిరక్కండి.’ అంతే. ఇంకేం వద్దు.”

బుల్లి వేళ్లు మీటల మీద ఆగిపోయాయి. కళ్లు మసకబారి అక్షరాలు కనిపించలేదు. తుడుచుకుని మళ్లీ చదివింది. ఇన్నేళ్లలో ఎన్ని వేల పేజీలు కట్టిందో! వాటిలో ఒక్కదాంట్లో కూడా ఇంత సూటిగా నాలుగు మాటలు పడిన గుర్తు లేదు.

“చాలా బావుంది వదినా.”

“నిజంగానా, కుక్క బావుందన్నట్టా?”

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. ఏడుపు పక్కనుంచి వచ్చే నవ్వు. నవ్వుతూనే బుల్లి పేర్లన్నీ సరిచూసుకుని, ‘పంపు’ అన్న చోటికి బాణం గుర్తుని తీసుకొచ్చింది.

“పంపేస్తున్నా.”

“ఆగు.”

వదిన నవ్వు ఆపేసింది. బొటనవేళ్లు మళ్లీ ఒకదాని చుట్టూ ఒకటి తిరగడం మొదలుపెట్టాయి.

“అది వెళ్లేముందు నీకు ఇంకోటి చెప్పాలి. చెప్పకుండా ఉందామనుకున్నా. నువ్వు నీ గురించి అలా అనుకున్నానన్నాక ఇంక దాచలేను.” ఊపిరి పీల్చుకుంది. “నిన్న సాయంత్రం ఆఖరి పాఠమయ్యాక ఆ టైలరమ్మని ఇంటి దగ్గర దింపేశాను. అక్కణ్ణుంచి ఇంటికి నేనే నడుపుకుంటూ వచ్చాను. రోజూ వచ్చే దారే. మార్కెట్టు వెనక సందులో, మలుపు తిరుగుతుంటే, ఎడంవైపు ఏదో తగిలింది.”

బుల్లి మీటల మీంచి చెయ్యి తీసేసింది.

“తగలడమంటే?”

“చప్పుడయింది. పెద్దగా కాదు. మెత్తగా.” ఆ ఆఖరి మాట వదిన నోట్లోంచి అతికష్టం మీద వచ్చింది. “చెత్తడబ్బా అనుకున్నా. చెత్తడబ్బాయే అయి ఉంటుంది అని రాత్రంతా అనుకుంటూనే ఉన్నా. అద్దంలో చూశాను. మధ్యలో పొగే కదా. ఆగలేదు బుల్లీ. అందరికీ ఆగమని చెప్పేదాన్ని, నేను ఆగలేదు.”

“పొద్దున్న కారు చూశావా?”

“చేత్తో తడిమాను. ఎడం అద్దం లోపలికి మడుచుకుపోయి ఉంది. ఇంకేమైనా ఉందేమో నా చేతికి తెలియదు. నువ్వెళ్లి చూడు. చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పు. నా మీద జాలిపడి మాత్రం ఏదీ తగ్గించకు.”

బుల్లి లేచింది.  తలుపు తీసేసరికి ఎండ మొహాన కొట్టింది. వాకిట్లో తెల్లకారు, నెత్తిన ఎర్రక్షరాల బోర్డుతో, ఎప్పటిలాగే బుద్ధిగా నిలబడి ఉంది.

కారు దగ్గర అప్పటికే ఒక మనిషుంది. నర్సమ్మ. పాఠానికి ముందే వచ్చేసినట్టుంది. డ్యూటీ చీర కూడా మార్చుకోలేదు, భుజాన సంచి అలాగే ఉంది. ఎడంవైపు ముందుచక్రం దగ్గర గొంతుక్కూర్చుని, మడుచుకుపోయిన అద్దాన్ని రెండు వేళ్లతో మెల్లగా విప్పి చూస్తోంది. రోగి చెయ్యి పట్టుకుని చూసినట్టు.

అలికిడికి తలెత్తింది. ఆ పిల్ల మొహం పాలిపోయి ఉంది.

“అక్కా, మేడమ్ లోపలున్నారా?”

“ఉంది.”

“తలుపు దగ్గరగా వెయ్యండి.”

బుల్లి వెనక్కి చెయ్యి చాపి తలుపు మూసింది. నర్సమ్మ లేచి నిలబడింది. గొంతు బాగా తగ్గించింది.

“నిన్న పొద్దుగూకాక మా వార్డుకి ఒకాయన్ని తీసుకొచ్చారు. తుంటి విరిగింది. ప్రాణానికేం ఫరవాలేదు. మార్కెట్టు వెనక సందులో పడి ఉన్నాడట. ఎవరు గుద్దారని పోలీసులు ఎంత అడిగినా, చీకట్లో చూడలేదనే అన్నాడు.” ఆగింది. “వాళ్లు వెళ్లిపోయాక నన్ను పిలిచి, నువ్వు ఎర్రక్షరాల బోర్డున్న కారులో నేర్చుకుంటున్నావు కదూ, నిన్ను చూశాను అన్నాడు. అంతా చూశాడక్కా ఆయన. నడిపింది ఎవరో కూడా చూశాడు.”

“మరి పోలీసులకెందుకు చెప్పలేదు?”

“నేనూ అదే అడిగాను. జవాబివ్వలేదు. ఒక మనిషిని తీసుకురమ్మన్నాడు, ఇవాళే, ఇంకెవరికీ తెలియకుండా.”

“వదిననా?”

నర్సమ్మ తల అడ్డంగా ఊపింది.

“మేడమ్‌ని వద్దే వద్దన్నాడు. మిమ్మల్ని.”